పాఠం 17 : ప్రయాణంలో మోటారు సైకిలు – చక్రపు అడ్డును ఎంచుకోవడం

17.1 పరిచయం

ఎత్తు రోడ్డు మీద ఆగిన లారీని మీరు చూసే ఉంటారు. డ్రైవరు కిందికి దిగేలోపే క్లీనరు దూకి, వెనక చక్రం కింద ఒక రాయి పెడతాడు. బ్రేకు ఉన్నా రాయి ఎందుకు? బ్రేకు వదులైతే బండిని ఆపేది ఆ రాయే కాబట్టి. చక్రం దొర్లకుండా దాని ముందో వెనకో పెట్టే ఇలాంటి వస్తువును వీల్ చాక్ అంటారు. ఈ పాఠంలో మనం దాన్ని చక్రపు అడ్డు అనీ, క్లుప్తంగా అడ్డు అనీ అందాం.

రోడ్డు మీద నిలబడిన లారీకి రాయి చాలు. కాని చిన్న ట్రక్కు మీదికి ఎక్కించిన మోటారు సైకిలు సంగతి వేరు. దానికి ఉన్నవి రెండే చక్రాలు. తనంత తాను నిలబడలేదు. పైగా దాని కింద ఉన్న నేలే గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ, గుంటల్లో ఎగురుతూ, మలుపుల్లో ఒరుగుతూ ఉంటుంది.

ద్విచక్ర వాహనాల మరమ్మతు నేర్చుకుంటున్న మీకు ఈ పని తరచుగా వస్తుంది. దారిలో ఆగిపోయిన బండిని దుకాణానికి తేవాలి. బాగు చేసిన బండిని పక్క ఊరికి పంపాలి. ఉద్యోగం బదిలీ అయినవారి బండిని సామానుతో పాటు ఎక్కించాలి. ఆ బండి మీది కాదు. దాని మీద పాల క్యాన్లు వేసుకుని ఇల్లు గడుపుకునే మనిషిది కావచ్చు. దారిలో అది పడితే ట్యాంకు నొక్కుకుపోవచ్చు, హ్యాండిల్ వంగవచ్చు. పెట్రోలు కారితే నిప్పు అంటుకోవచ్చు. ట్రక్కులోంచి జారి రోడ్డు మీద పడితే వెనక వచ్చేవారి ప్రాణమే పోవచ్చు. అందువల్ల చక్రపు అడ్డు ఎంపికను చిన్న విషయంగా తీసుకోకూడదు.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– ట్రక్కులో ఉన్న మోటారు సైకిలు మీద పనిచేసే బలాలను లెక్కకట్టగలుగుతారు;
– చక్రపు అడ్డు చేసే పనులను, చేయలేని పనులను వివరించగలుగుతారు;
– అడ్డులలోని రకాలను పోల్చి చెప్పగలుగుతారు;
– టైరు మీది గుర్తును చదివి, సరిపడే అడ్డు కొలతలను నిర్ణయించగలుగుతారు;
– ట్రక్కు నేలను బట్టి అడ్డును బిగించే పద్ధతిని ఎంచుకోగలుగుతారు.

17.3 బండి ఎందుకు కదులుతుంది?

బస్సులో నిలబడి ప్రయాణం చేసేటప్పుడు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు. మిమ్మల్ని వెనక నుంచి ఎవరూ తోయలేదు. బస్సు ఆగింది, మీ శరీరం మాత్రం అంతకుముందున్న వేగంతోనే పోవాలని చూసింది. దీన్నే జడత్వం అంటారని సామాన్య శాస్త్రంలో చదువుకున్నారు. ట్రక్కులోని మోటారు సైకిలు కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది.

ట్రక్కు కదలికలను బట్టి బండి మీద నాలుగు రకాల బలాలు పనిచేస్తాయి.

(అ) బ్రేకు వేసినప్పుడు ముందుకు. ఇది అన్నింటికంటే పెద్దది.
(ఆ) ట్రక్కు ఒక్కసారిగా కదిలినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి.
(ఇ) మలుపు తిరిగేటప్పుడు పక్కకు.
(ఈ) గుంటలు, స్పీడ్ బ్రేకర్ల దగ్గర పైకీ కిందికీ.

ఈ బలాలు ఎంత ఉంటాయి? సరుకు కట్టే విషయంలో అమెరికా రవాణా నిబంధనలు ఒక లెక్క చెబుతాయి. కట్టిన కట్టు ముందువైపు సరుకు బరువులో 0.8 వంతు బలాన్ని, వెనకవైపు 0.5 వంతు బలాన్ని, పక్కలకు 0.5 వంతు బలాన్ని తట్టుకోవాలి. యూరప్ దేశాల ప్రమాణంలోనూ రోడ్డు రవాణాకు ఇంచుమించు ఇవే అంకెలు కనిపిస్తాయి. భౌతిక నియమాలు అన్ని దేశాలకూ ఒకటే కాబట్టి మనం కూడా ఈ అంకెలనే వాడుకుందాం.

ఉదాహరణ 1 : 100 సి.సి. మోటారు సైకిలు బరువు సుమారు 110 కిలోలు అనుకుందాం.

ముందుకు తోసే బలం = 110 × 0.8 = 88 కిలోల బలం
పక్కకు తోసే బలం = 110 × 0.5 = 55 కిలోల బలం

ఉదాహరణ 2 : 350 సి.సి. బుల్లెట్ బరువు సుమారు 190 కిలోలు అనుకుందాం.

ముందుకు తోసే బలం = 190 × 0.8 = 152 కిలోల బలం
పక్కకు తోసే బలం = 190 × 0.5 = 95 కిలోల బలం

సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. అంటే గట్టి బ్రేకు పడినప్పుడు బుల్లెట్ ముందు చక్రం మూడు సిమెంటు బస్తాల బరువుకు సమానమైన బలంతో అడ్డును నెడుతుంది. ఇటుక రాయి ఆ ఒత్తిడికి పొడి కావచ్చు. నేల మీద ఊరికే పెట్టిన చెక్క ముక్క జారిపోతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 17.1

ఖాళీలను పూరించండి.

1. ట్రక్కుకు బ్రేకు వేసినప్పుడు మోటారు సైకిలు ______ వైపు కదలాలని చూస్తుంది.
2. 150 కిలోల బండి ముందు చక్రపు అడ్డు కనీసం ______ కిలోల బలాన్ని తట్టుకోవాలి.
3. మలుపులో అదే బండి మీద పక్కకు పనిచేసే బలం ______ కిలోలు.

17.4 చక్రపు అడ్డు చేసే పనులు

చాలామంది డ్రైవర్లు అడ్డు లేకుండానే తాళ్ళతో బండిని కడతారు. విశాఖపట్నంలో బండిని ఎక్కించే చోట ఒక డ్రైవరుకూ, కుర్ర మెకానిక్కుకూ జరిగే ఈ సంభాషణను చదవండి.

డ్రైవరు : ఏటి తమ్ముడూ, నాలుగు తాళ్ళు బిగించేశాం కదా! మళ్ళీ ఈ ఇనప సామానెందుకు?

మెకానిక్కు : తాళ్ళు పైన హ్యాండిల్ దగ్గర పట్టుకుంటాయి అన్నా. కింద చక్రాన్ని పట్టుకునేదేదీ లేదు. అరకు ఘాట్‌లో ఒక్కో మలుపుకీ ముందు చక్రం కొంచెం కొంచెం పక్కకి తిరుగుతుంది. చక్రం తిరిగితే ఒక పక్క తాడు వదులైపోతుంది.

డ్రైవరు : ఇంకొంచెం బిగిస్తే సరిపోదా?

మెకానిక్కు : ఎంతని బిగిస్తాం అన్నా? ఫోర్కులు అడుక్కి దిగిపోతే గుంటలో పడ్డప్పుడు దెబ్బ తీసుకోడానికి చోటుండదు. చక్రాన్ని ఇది పట్టుకుంటే తాళ్ళకి సగం పని తగ్గుతుంది.

ఈ కుర్రవాడు చెప్పిన దానిలోనే అడ్డు చేసే పనులన్నీ ఉన్నాయి. మంచి అడ్డు మూడు పనులు చేస్తుంది.

1. ముందు చక్రం ముందుకు దొర్లకుండా ఆపుతుంది.
2. ముందు చక్రం కుడి ఎడమలకు తిరగకుండా నిలుపుతుంది. అందువల్ల హ్యాండిల్ నిటారుగా ఉంటుంది.
3. పట్టీలు కట్టేవరకు బండి పక్కకు పడకుండా కొంతవరకు నిలబెడుతుంది.

అడ్డు చేయలేని పనులు కూడా తెలుసుకోవాలి. అది బండిని పైకి ఎగరకుండా ఆపలేదు. వెనక చక్రం పక్కకు జరగకుండా ఆపలేదు. అందువల్ల ఎంత ఖరీదైన అడ్డు కొన్నా పట్టీలు కట్టడం మానకూడదు. అడ్డు, పట్టీలు జోడెద్దులవంటివి. ఒకదాని బరువు రెండోదాని మీద మోపకూడదు.

17.5 అడ్డులలో రకాలు

(1) త్రికోణపు దిమ్మ

గట్టి చెక్కతోగాని, రబ్బరుతోగాని చేసిన ఏటవాలు దిమ్మ ఇది. చక్రం దొర్లకుండా ఆపుతుంది, అంతే. చక్రం పక్కకు తిరగడాన్ని ఆపలేదు. కారుకు, ఆటోకు, ఆగి ఉన్న ట్రక్కుకు ఇది పనికివస్తుంది. మోటారు సైకిలుకు ఇదొక్కటే చాలదు. వెనక చక్రం వెనక పెట్టే అదనపు అడ్డుగా మాత్రం వాడుకోవచ్చు.

(2) యు ఆకారపు చట్రం

ఇనప గొట్టాన్ని యు ఆకారంలో వంచి, అడుగున ఒక పలకకు వెల్డింగ్ చేస్తారు. చక్రం రెండు నిలువు గొట్టాల మధ్య దూరి, ముందున్న అడ్డ గొట్టానికి తగిలి ఆగుతుంది. ఇది దొర్లడాన్నీ, పక్కకు తిరగడాన్నీ ఆపుతుంది. ఏ వెల్డింగ్ దుకాణంలోనైనా చేయించుకోవచ్చు. చెడిపోయే కదిలే భాగాలు లేవు. అయితే వెడల్పు మారదు. ఒక టైరుకు సరిపడేది వేరే టైరుకు వదులుగానో, బిగుతుగానో ఉంటుంది.

(3) వెడల్పు మార్చుకునే చట్రం

ఇదీ యు చట్రమే. కాని నిలువు గొట్టాలను దగ్గరకో దూరానికో జరిపి బోల్టులతో బిగించవచ్చు. రకరకాల బండ్లు తీసుకుపోయే మెకానిక్కుకు ఇది అనువైనది. ప్రయాణానికి ముందు బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో తప్పక చూడాలి.

(4) ఊయల రకం

దీనిలో ఒక ఊయల వంటి భాగం ఉంటుంది. చక్రం దానిలోకి ఎక్కగానే అది ముందుకు ఒరిగి, దాని వెనక కొన పైకి లేచి చక్రాన్ని వెనక నుంచి పట్టుకుంటుంది. బండి ఎవరూ పట్టుకోకపోయినా నిలబడుతుంది. ఒక్కరే బండిని ఎక్కించవలసివస్తే ఇది గొప్ప సాయం. కాని ఇది బరువైనది, ఖరీదైనది. తయారీదారు చెప్పిన చక్రపు కొలతలకే పనిచేస్తుంది. 17 అంగుళాలకు పైబడిన చక్రాల కోసం చేసిన ఊయలలో 10 అంగుళాల స్కూటరు చక్రం నిలవదు. కొనేముందు దాని మీద రాసిన కొలతలను చదవండి.

పాఠ్యగత ప్రశ్నలు 17.2

తప్పో ఒప్పో చెప్పండి.

1. త్రికోణపు దిమ్మ ముందు చక్రం పక్కకు తిరగకుండా ఆపుతుంది.
2. ఊయల రకం అడ్డు వాడితే పట్టీలు అక్కరలేదు.
3. యు చట్రంలో కదిలే భాగాలు ఉండవు.

17.6 కొలతలు నిర్ణయించడం

అడ్డును కంటితో చూసి ఎంచుకోకూడదు. టైరును చూసి ఎంచుకోవాలి. టైరు పక్కగోడ మీద ఉండే అంకెలలోనే మీకు కావలసిన కొలతలు ఉన్నాయి.

100/90-18 అని ఉంటే టైరు వెడల్పు 100 మి.మీ. ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, అంటే 90 మి.మీ. రిమ్ము వ్యాసం 18 అంగుళాలు, అంటే 457 మి.మీ. టైరు రిమ్ముకు పైనా, కిందా ఉంటుంది కాబట్టి

చక్రం మొత్తం ఎత్తు = 457 + 90 + 90 = 637 మి.మీ.

2.75-18 అని ఉంటే వెడల్పు 2.75 అంగుళాలు, అంటే దాదాపు 70 మి.మీ. ఈ రకం గుర్తులో టైరు ఎత్తును ఇంచుమించు వెడల్పుతో సమానంగా తీసుకోవచ్చు. కాబట్టి మొత్తం ఎత్తు 18 + 2.75 + 2.75 = 23.5 అంగుళాలు, అంటే దాదాపు 597 మి.మీ.

(అ) అడ్డు ఎత్తు

చక్రం ఇటుకను ఎక్కుతుంది, గోడను ఎక్కలేదు. అడ్డు ఎంత ఎత్తున టైరును తాకితే చక్రం దాన్ని ఎక్కిపోవడం అంత కష్టం. బండి బరువులో సగం ముందు చక్రం మీద ఉందనీ, మొత్తం బరువులో 0.8 వంతు బలం ముందుకు తోస్తోందనీ అనుకుని లెక్కవేస్తే, అడ్డు టైరును తాకే చోటు చక్రం ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఉండాలి. అంతకంటే తక్కువైతే చక్రం ఎక్కిపోతుంది. నాలుగో వంతు అంటే సరిగ్గా హద్దు మీద ఉన్నట్లు. హద్దు మీద పని చేయకూడదు కనుక మూడో వంతు తీసుకోండి.

కింది లెక్కను గమనించండి.

2.75-18 : వెడల్పు 70 మి.మీ., చక్రం ఎత్తు 597 మి.మీ., అడ్డు తాకే ఎత్తు 199 మి.మీ.
100/90-18 : వెడల్పు 100 మి.మీ., చక్రం ఎత్తు 637 మి.మీ., అడ్డు తాకే ఎత్తు 212 మి.మీ.
90/100-10 (స్కూటరు) : వెడల్పు 90 మి.మీ., చక్రం ఎత్తు 434 మి.మీ., అడ్డు తాకే ఎత్తు 145 మి.మీ.

ఎత్తు ఎక్కువైనా చిక్కే. మన రోడ్ల మీద తిరిగే చాలా బండ్లకు ముందు మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉంటుంది. అడ్డ గొట్టం మడ్‌గార్డుకు తగిలితే గుంటలో ఫోర్కు దిగినప్పుడు మడ్‌గార్డు విరుగుతుంది. స్కూటరుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గొట్టం టైరుకే తగలాలి. మడ్‌గార్డుకు, డిస్కు బ్రేకు పలకకు, దాన్ని పట్టే క్యాలిపర్‌కు తగలకూడదు.

(ఆ) అడ్డు వెడల్పు

టైరు వెడల్పుకు 10 మి.మీ. కలిపితే చట్రం లోపలి వెడల్పు వస్తుంది. వదులుగా ఉంటే ఏమవుతుంది? 110 మి.మీ. వెడల్పున్న చట్రంలో 70 మి.మీ. టైరు పెట్టారనుకోండి. రెండు పక్కలా కలిపి 40 మి.మీ. సందు ఉంటుంది. చట్రం ఎత్తు 200 మి.మీ., హ్యాండిల్ ఎత్తు 1000 మి.మీ. అయితే, కింద 40 మి.మీ. కదలిక పైన అయిదు రెట్లై 200 మి.మీ. అవుతుంది. అంటే హ్యాండిల్ దాదాపు 8 అంగుళాల మేర అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు తాళ్ళు వదులవుతాయి. వేరే చట్రం దొరకకపోతే సందులో రెండు వైపులా గట్టి చెక్క ముక్కలుగాని, పాత టైరు ముక్కలుగాని పెట్టి, అవి ఊడిపోకుండా కట్టండి.

(ఇ) అడ్డు ఆక్రమించే పొడవు

చాలా చిన్న ట్రక్కుల నేల పొడవు సుమారు 7 అడుగులు ఉంటుంది. 350 సి.సి. బండి పొడవు కూడా ఇంచుమించు అంతే. అడ్డు చక్రానికి ముందు మరో అర అడుగు తీసుకుంటే వెనక తలుపు మూతపడదు. తలుపు తెరిచి బండిని బయటికి తోసుకుపోవడం ప్రమాదం. అందువల్ల ట్రక్కును మాట్లాడుకునే ముందే బండి పొడవు, అడ్డు పొడవు కలిపి నేల పొడవుతో పోల్చి చూడండి. చాలకపోతే పెద్ద ట్రక్కును మాట్లాడుకోండి.

పాఠ్యగత ప్రశ్నలు 17.3

1. 100/80-17 టైరున్న చక్రం మొత్తం ఎత్తు ఎంత? (17 అంగుళాలు = 432 మి.మీ.)
2. ఆ చక్రాన్ని అడ్డు ఎంత ఎత్తున తాకాలి?
3. ఆ టైరుకు చట్రం లోపలి వెడల్పు ఎంత ఉండాలి?

17.7 అడ్డును దేనికి బిగించాలి?

అడ్డు ఎంత గట్టిదైనా దాన్ని పట్టి ఉంచే నేల బలహీనమైతే ప్రయోజనం లేదు. ఇక్కడ రెండు సందర్భాలున్నాయి.

(అ) ట్రక్కు మీ సొంతమైతే

నేలకు రంధ్రాలు వేసి బోల్టులతో బిగించవచ్చు. 10 మి.మీ. బోల్టులు నాలుగు చాలు. మంచి ఉక్కు బోల్టు తెగదు. రేకు చిరుగుతుంది. నేల కేవలం పలుచని ఇనప రేకు కాబట్టి, బోల్టు తల ఒక్క చోట లాగితే రేకు చిల్లు పెద్దదై బోల్టు ఊడి వస్తుంది. అందుకే రేకు కింద 50 మి.మీ. చదరం, 5 మి.మీ. మందం ఉన్న ఇనప పలకను వాషరుగా వేయాలి. నట్టు వదులు కాకుండా నైలాన్ నట్టుగాని, రెండో నట్టుగాని బిగించాలి.

రంధ్రం వేసే ముందు ట్రక్కు కిందికి వంగి చూడండి. బ్రేకు గొట్టాలు, వైర్లు, ఇంధనపు ట్యాంకు, ఛాసిస్ కమ్మీలు ఎక్కడున్నాయో గుర్తించండి. వాటికి దూరంగా రంధ్రం వేయండి. ఛాసిస్ కమ్మీకి ఎట్టి పరిస్థితిలోనూ రంధ్రం వేయకూడదు.

(ఆ) ట్రక్కు అద్దెదైతే

మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మరొకరి ట్రక్కుకు రంధ్రం వేయలేం. అప్పుడు పొడవైన చెక్క పలకను వాడాలి. బండి రెండు చక్రాలూ దాని మీద నిలిచేంత పొడవు ఉండాలి. అడ్డును ఈ పలక ముందు భాగానికి బోల్టులతో బిగించాలి. బండి బరువే పలకను నేలకు అదిమి పెడుతుంది. పలక ముందు అంచును ట్రక్కు ముందు గోడకు ఆనించాలి. అప్పుడు బ్రేకు పడినప్పటి బలం పలక ద్వారా గోడ అడుగు భాగానికి చేరుతుంది. పలక కింద రబ్బరు చాప పరిస్తే జారడం తగ్గుతుంది.

అడ్డ గొట్టాన్ని నేరుగా ముందు గోడ రేకుకు ఆనించకండి. రేకు సొట్టపోతుంది, ఆ సొట్ట మేరకు బండి ముందుకు జరుగుతుంది, పట్టీలు వదులవుతాయి.

17.8 ఎక్కించడం, కట్టడం

1. ముందుగా ట్రక్కును సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, దాని చక్రాలకు అడ్డులు పెట్టండి. బండిని ఎక్కిస్తుండగా ట్రక్కు కదిలితే బల్ల జారిపోయి, మనిషి బండి కింద పడతాడు.

2. ఇంజను ఆపి, బల్ల మీదుగా బండిని తోయండి. ముగ్గురు ఉండడం మేలు. ఒకరు హ్యాండిల్ దగ్గర, ఇద్దరు వెనక పక్కల. బండికి నేరుగా వెనక ఎవరూ నిలబడకూడదు.

3. చక్రం అడ్డులో పూర్తిగా కూర్చున్న తరువాత నాలుగు పట్టీలు కట్టండి. ముందు రెండు, వెనక రెండు. ముందు పట్టీలను ఫోర్కులు రెండింటినీ కలిపి పట్టే కింది బ్రాకెట్‌కు వేయాలి. హ్యాండిల్ రబ్బరుకు, అద్దానికి, ఇండికేటరుకు, సైలెన్సరుకు, శారీ గార్డుకు కట్టకూడదు. ఒక్కో పట్టీ పక్కకు, కిందికి సుమారు 45 డిగ్రీల కోణంలో దిగాలి.

4. ఫోర్కు తన కదలికలో సగం వరకు దిగేలా బిగిస్తే చాలు. అంతకు మించి బిగించకండి.

5. పట్టీ మీద రాసిన తెగే బలంలో మూడో వంతునే పని బలంగా లెక్కించండి. కొబ్బరి తాడు రాపిడికి తెగుతుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. తప్పనిసరై తాడు వాడితే వాన పడిన తరువాత తప్పక ఆగి బిగించండి.

6. నోరు తెరిచి ఉన్న కొక్కేలను నమ్మకండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఫోర్కు దిగగానే పట్టీ క్షణకాలం వదులవుతుంది. ఆ క్షణంలోనే కొక్కెం ఊడుతుంది. మూత ఉన్న కొక్కెం వాడండి, లేదా కొక్కెం నోటిని సన్న తాడుతో కట్టండి.

7. సైడు స్టాండు మడిచే ఉంచండి. పెద్ద స్టాండు మీద నిలబెట్టి తీసుకుపోకండి. బ్రేకు పడితే బండి ముందుకు ఊగి ఆ స్టాండు మడుచుకుపోతుంది.

8. మొదటి గేరులో ఉంచండి. పెట్రోలు కాక్ ఉన్న బండి అయితే దాన్ని మూసివేయండి. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక తయారైన బండ్లలో చాలావాటికి కార్బురేటరు బదులు ఇంజెక్షన్ ఉంది. వాటికి ఈ కాక్ సాధారణంగా ఉండదు. రైలు పార్సిలులో పంపే బండికైతే ట్యాంకులోని పెట్రోలు మొత్తం తీసివేయాలి.

9. పది కిలోమీటర్లు పోయాక ఆగి పట్టీలు, అడ్డు, బోల్టులు చూడండి. ఘాట్ రోడ్డు మొదలయ్యే ముందు మళ్ళీ చూడండి.

హెచ్చరిక : ట్రక్కు చక్రం కింద పెట్టిన రాయిని బయలుదేరేముందు తీసి రోడ్డుకు దూరంగా వేయండి. చీకట్లో వచ్చే మోటారు సైకిలు మనిషికి ఆ రాయి కనిపించదు. ఒక బండిని కాపాడిన రాయి మరో మనిషి ప్రాణం తీయకూడదు. చెక్క దిమ్మకు తాడు కట్టి ట్రక్కు కొక్కేనికి తగిలించుకుంటే మరిచిపోయే అవకాశమే ఉండదు.

17.9 ఎంపికకు ఒక ఉదాహరణ

ఒక మెకానిక్కు నెలకు నాలుగైదు బండ్లు తీసుకువస్తాడు. ఎక్కువ భాగం 2.75-18 టైరున్న 100 సి.సి. బండ్లు. అప్పుడప్పుడు 90/100-10 టైరున్న స్కూటరు. ట్రక్కు ఎప్పుడూ అద్దెదే. అతడు ఏది కొనాలి?

త్రికోణపు దిమ్మ చక్రాన్ని తిరగకుండా ఆపదు కాబట్టి చాలదు. ఊయల రకం బరువు, ఖరీదు. పైగా స్కూటరుకు సరిపోకపోవచ్చు. స్థిరమైన యు చట్రం ఒక్క టైరుకే కుదురుతుంది. కాబట్టి వెడల్పు 80 నుంచి 100 మి.మీ. వరకు మార్చుకునే చట్రమే సరైనది. అడ్డ గొట్టాన్ని 145 మి.మీ., 199 మి.మీ. ఎత్తులలో రెండు చోట్ల బిగించే వీలుండాలి. ట్రక్కు అద్దెదే కనుక దాన్ని పొడవైన చెక్క పలకకు బిగించి ఉంచుకోవాలి.

చూశారా! ధర ప్రశ్న చివరకు వచ్చింది. ఏ బండి, ఏ టైరు, ఏ ట్రక్కు, ఏ దారి అన్న నాలుగు ప్రశ్నలకు ముందు జవాబు చెప్పుకుంటే అడ్డు దానంతటదే తేలుతుంది.

కృత్యం

మీ వీధిలో ఉన్న అయిదు ద్విచక్ర వాహనాల ముందు టైరు గుర్తులను నోటు పుస్తకంలో రాసుకోండి. ఒక్కోదానికి చక్రం ఎత్తు, అడ్డు తాకవలసిన ఎత్తు, చట్రం వెడల్పు లెక్కకట్టండి. తరువాత టేపుతో నిజంగా కొలిచి, ఆ ఎత్తులో మడ్‌గార్డు అడ్డం వస్తుందేమో పరిశీలించండి.

17.10 మీరు ఏం నేర్చుకున్నారు

– ట్రక్కులోని బండి మీద ముందుకు బరువులో 0.8 వంతు, వెనక్కి, పక్కలకు 0.5 వంతు బలాలకు తగినట్లు ఏర్పాటు చేయాలి.
– అడ్డు చక్రం దొర్లకుండా, తిరగకుండా ఆపుతుంది. పట్టీల పని పట్టీలే చేయాలి.
– అడ్డు చక్రం ఎత్తులో మూడో వంతు దగ్గర టైరును తాకాలి. వెడల్పు టైరు కంటే 10 మి.మీ. ఎక్కువ ఉండాలి.
– సొంత ట్రక్కుకు బోల్టులు, అద్దె ట్రక్కుకు పొడవైన పలక.
– బయలుదేరేముందు, దారిలో, ఘాట్‌కు ముందు కట్టును పరీక్షించాలి.

17.11 పాఠాంత ప్రశ్నలు

1. తాళ్ళు మాత్రమే కట్టిన బండి ఘాట్ రోడ్డులో ఎలా వదులవుతుందో వివరించండి.
2. యు చట్రానికి, ఊయల రకం అడ్డుకు గల తేడాలు రాయండి.
3. పలుచని రేకు నేలకు బోల్టులు బిగించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
4. మీ ఊళ్ళో ఒకరు బుల్లెట్‌ను అద్దె ట్రక్కులో 100 కిలోమీటర్ల దూరం పంపాలనుకుంటున్నారు. ఆయన మిమ్మల్ని సలహా అడిగితే ఏ అడ్డు చెబుతారు? కారణాలతో రాయండి.

17.12 పాఠ్యగత ప్రశ్నల జవాబులు

17.1 : 1. ముందు 2. 120 (150 × 0.8) 3. 75 (150 × 0.5)

17.2 : 1. తప్పు. అది దొర్లడాన్ని మాత్రమే ఆపుతుంది. 2. తప్పు. అడ్డు బండిని పైకి ఎగరకుండా ఆపలేదు. 3. ఒప్పు.

17.3 : 1. 432 + 80 + 80 = 592 మి.మీ. 2. 592 ÷ 3 = దాదాపు 197 మి.మీ. 3. 100 + 10 = 110 మి.మీ.

మీ జవాబులు తప్పితే నిరుత్సాహపడకండి. 17.6 భాగాన్ని మరోసారి చదివి, ఒక టైరును ఎదురుగా పెట్టుకుని లెక్క చేయండి. తరువాతి పాఠానికి వెళ్ళే ముందు కృత్యాన్ని పూర్తి చేసి, మీ అధ్యయన కేంద్రంలో చూపించండి.